రెక్కల దిద్దులు

మా ఫొటోల అన్నయ్యగారు పోయిన వారం రోజులకి వాళ్ళావిడ నాకు ఫోన్ చేసింది. నేను కొట్టులో ఒక్కదాన్నే ఉన్నాను.

"పెద్దకర్మకి ఫ్లెక్సు వేయిస్తున్నాం వదినగారూ. ఒక పక్క ఆయన బొమ్మ, ఒక పక్క ఆయన తీసిన ఫొటో. గుడివాడలో ఫస్టు వచ్చింది చూడండి, అది. ఆయన కంప్యూటర్ ఓపెన్ అవ్వట్లేదు. పాస్‌వర్డు ఏం పెట్టుకున్నారో ఎవరికీ తెలీదు. మీ ఫోన్లో ఉంటుందని గుర్తొచ్చింది. జీవితంలో ఆయన గెలిచింది అదొక్కటేగా."

ఆవిడ అడిగిన ఫొటో నా ఎదురుగానే గోడ మీద ఉంది. గడ్డిపరక మీద తలకిందులుగా కూర్చున్న రెక్కల పురుగు. దాన్ని మాత్ అంటారని ఆయనే చెప్పారు. అసలైతే బియ్యపుగింజంత ఉంటుంది, ఫొటోలో మూరెడు. మడిచిన రెక్కల మీద పొడుగ్గా బంగారు చారలు, అంచున వెండి జాలరు, ఆవగింజల్లాంటి కళ్ళు.

"ఉంటుంది వదినా, వెతికి పంపిస్తాను" అన్నాను. వెతకాల్సిన పనేమీ లేదు. అది ఫోన్లో ఎక్కడుందో నాకు తెలుసు. ఇంకొక ఫొటో కూడా ఉందనీ, ఆయన్నే అడగగలిగితే ఆ రెండోదే ఇమ్మంటారనీ కూడా తెలుసు. ఏది పంపాలో తేల్చుకోలేకే వెతుకుతానని అబద్ధమాడాను.

మాది బందరులో చిలకలపూడి. రోల్డ్‌గోల్డ్ నగల పని. మా ఆయన వెనక గదిలో అచ్చులూ పూతలూ చూసుకుంటారు, నేను ముందు గదిలో మనుషుల్ని చూసుకుంటాను. నా నోరు మంచిది కాదని మా బజారంతటికీ తెలుసు. ఫొటోల అన్నయ్యగారు మాత్రం "చెల్లెమ్మగారిది మాట కరుకే గానీ మనసు వెన్న" అని అందరికీ చెప్పేవారు. ఇప్పుడా మాట గుర్తొస్తే తల ఎత్తుకోలేకపోతున్నాను.

ఆయన మా నగలకి ఫొటోలు తీసేవారు. అంతకుముందు పెళ్ళిళ్ళకి తీసేవారట. ఒక పెళ్ళిలో సరిగ్గా తాళి కట్టే వేళకి పెళ్ళికూతురి జడలో మల్లెపూల మీద ఏదో పురుగు వాలింది. ఈయన కెమెరా అటు తిప్పేశారు. ఆల్బంలో పురుగు ఉంది, మూడుముళ్ళు లేవు. ఆ కబురు గుడివాడ దాకా పాకితే ఇంకెవరు పిలుస్తారు? అలా మా దగ్గరికి వచ్చి చేరారు. నగలకీ పురుగులకీ ఒకే లెన్సు సరిపోతుంది, రెండూ దగ్గర్నుంచి చూడాల్సినవేగా అనేవారు.

బంగారం పూత వేసిన వస్తువు మీద ఎదుటివాడి చొక్కా రంగు పడుతుంది. అందుకని మా దగ్గరికి ఎప్పుడూ తెల్ల చొక్కాలో వచ్చేవారు. గడ్డిలోకి వెళ్ళడానికి బురదరంగు చొక్కా ఇంకొకటి, సంచిలో మడతపెట్టి ఉండేది. థర్మాకోల్ పెట్టెలో వడ్డాణాన్ని పెట్టి, ఎడంకన్ను మూసి, "అమ్మా, కాస్త ఇటు తిరుగు తల్లీ" అని బతిమాలేవారు. వడ్డాణం తిరుగుతుందా? ఆయనే లేచి తిప్పి, "థాంక్సమ్మా" అనేవారు. మా పనివాళ్ళు మూతికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ ఎడంకన్ను మూసుకోవడం ఎంత అలవాటైపోయిందంటే, మనతో మాట్లాడేటప్పుడు కూడా మూసేసేవారు. ఒకసారి పెడన నుంచి వచ్చిన ఒకావిడ తనకి కన్ను కొట్టాడని గొడవ పెట్టుకుంది. ఆయన రెండు కళ్ళూ మూసుకుని దండం పెట్టారు.

"తప్పైపోయిందండీ" అన్నది ఆయన ఊతపదం. ఎవరైనా ఆయన కాలు తొక్కితే ఆయనే అనేవారు. కరెంటు పోయినా అనేవారు. టీ తెప్పిస్తే "సగమే పొయ్యండి" అని, అది తాగాక గ్లాసులోకి చూసుకుని "ఇంకో సగం" అని అడిగి, అందుకూ అదే మాట. "ఊళ్ళో తప్పులన్నీ మీరే మోస్తారేంటి అన్నయ్యగారూ?" అని నేను దెబ్బలాడితే, "అలవాటైపోయింది చెల్లెమ్మా, తప్పైపోయింది" అనేవారు. ఇలాంటివాణ్ణి ఏం చెయ్యగలం?

ఆదివారాలు మాత్రం గడ్డికి. సముద్రం వైపు ఉప్పునేలల్లో గడ్డి, కరకట్ట వాలున గడ్డి, దివిసీమ లంకల్లో గడ్డి. మొదటి బస్సు పట్టుకుని వెళ్ళేవారు. మంచుకి రెక్కలు తడిసి ఉన్నంతసేపే అవి కూర్చుంటాయట, ఎండ తగిలితే ఇక దొరకవట. మనిషి నీడ పడిందా, పరకకి అవతలి పక్కకి తిరిగిపోతాయి. ఈయన అటు పాకితే అది ఇటు. "దాగుడుమూతలు చెల్లెమ్మా, ఎప్పుడూ అదే గెలుస్తుంది" అని చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి. ఫ్లాష్ వెలిగిన మరుక్షణం దాని మీద అరచేతి నీడ పట్టేవారు. మన కళ్ళకి బైర్లు కమ్మితే ఎవరో ఒకరు చెయ్యి అడ్డం పెడతారు, దానికెవరున్నారు అనేవారు. దేన్నీ ముట్టుకునేవారు కాదు. పరక వంగి అడ్డం వస్తే పరకని కూడా తెంపేవారు కాదు.

వరిలో తెల్లకంకి తెప్పించే పురుగు వీటికి చుట్టమే. అందుకని రైతులకి ఈయన వ్యవహారం వింత. కట్ట వాలున బోర్లా పడుకున్న ఈయన్ని చూసి ఒకాయన మోటారు సైకిల్ ఆపి, "మేం మందు కొట్టి చంపుతుంటే నువ్వు సాష్టాంగపడతావేంటయ్యా బాబూ?" అన్నాడట. మాకు చెప్పి ఆయనే ఎక్కువ నవ్వారు.

ఇక ఆ రోజు సంగతి. శ్రావణమాసం ముందు మాకు ఊపిరాడదు. వరలక్ష్మీ వ్రతాల కోసం కొత్త రకాలన్నీ ఫొటోలు తీసి షాపులవాళ్ళకి పంపాలి. ఆ పొద్దున ఆయన వస్తూ వస్తూ మా వెనక ఖాళీ స్థలంలో, గడ్డి మీద, ఈ బంగారు చారలదాన్ని చూశారు. ఏళ్ళ తరబడి వెతుకుతున్నదట. కెమెరా తీసేలోపు రెండుసార్లు లేచి వాలింది. ఆశ ఎంతటివాణ్ణయినా పడగొడుతుంది. దాన్ని పట్టుకుని, మా ఉంగరాల డబ్బాలో పెట్టి, కూల్‌డ్రింకుల కోసం మేం ఉంచుకున్న ఫ్రిజ్‌లో పెట్టారు. కాసేపు చల్లగా ఉంచితే మగతగా కూర్చుంటుందనీ, ఫొటో అయ్యాక ఒళ్ళు వెచ్చబడి ఎగిరిపోతుందనీ ఏదో వీడియోలో చూశారట. "ఒక్క పది నిమిషాలు చెల్లెమ్మా, నేను మర్చిపోతే గుర్తుచెయ్యండి" అన్నారు.

సరేనన్నాను. ముందు ఈ నెక్లెస్ సెట్టు కానివ్వండి అన్నాను. అది అవగానే, ఎలాగూ లైట్లు పెట్టారు కదా, వంకీలు కూడా లాగించెయ్యండి అన్నాను. ఆయన ఫ్రిజ్ వైపు చూడటం నేను చూశాను. చూసే గాజుల పెట్టె ముందుకి తోశాను. కాదనడం ఆయనకి రాదు. ఆ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

ఆయన డబ్బా తీసేసరికి భోజనాల వేళ దాటిపోయింది. దాన్ని పరక మీద పెట్టి, థర్మాకోల్ పెట్టెలో ఉంచి, లైటు దగ్గరికి జరిపారు. వేడికి లేస్తుందని. అంత చిన్న ప్రాణి కదులుతోందో లేదో ఉత్త కంటికి తెలియదు, అందుకని కెమెరాలోంచి చూశారు. చాలాసేపు చూశారు. చూస్తూ చూస్తూ, అలవాటు కొద్దీ, వేలు నొక్కేసింది. ఏ పురుగూ ఆయనకి అంత కుదురుగా ఎన్నడూ కూర్చోలేదు.

"పోయింది" అన్నారు.

"పురుగే కదండీ" అన్నాను నేను.

ఆయన రెండు కళ్ళూ తెరిచి నన్ను చూశారు. కోపం కాదు. కోప్పడితే నాకు బాగుండేది, నేనూ నాలుగు అనేసి ఊరుకునేదాన్ని. "తప్పైపోయింది" అన్నారు, నాతో కాదు, ఆ పరకతో. మీరు గుర్తుచెయ్యలేదేం అని ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ నన్ను ఒక్క మాట అడగలేదు.

ఫొటో మాత్రం చూసినవాళ్ళు కళ్ళు తిప్పుకోలేకపోయారు. గుడివాడలో ఫొటోగ్రాఫర్లంతా కలిసి ఒక కల్యాణ మండపంలో పోటీ పెడుతున్నారని తెలిసి నేనే పంపించాను. ఆయన వద్దన్నారు. "ఇలా వద్దు వద్దనుకుంటూనే మీరు ఇక్కడ ఉండిపోయారు" అని నోరేసుకుని మీద పడిపోయాను. ఫస్టు వచ్చింది. నేనూ వెళ్ళాను. ముందు వరసలో వాళ్ళావిడ పట్టుచీర కట్టుకుని కూర్చుంది. శాలువా కప్పి మైకు ఇస్తే ఆయన ఏదో చెప్పబోయి, ఆవిడ వంక చూసి, రెండు చేతులూ జోడించి దిగిపోయారు. కిందికొచ్చాక జడ్జిగారిని పక్కకి పిలిచి, అది చచ్చిపోయిన పురుగండీ, నా మూలానే పోయింది, ఇది తీసేసుకోండి అని షీల్డు ఇవ్వబోయారు. జడ్జిగారు భుజం తట్టి "ఫొటోలో తెలియట్లేదు కదండీ" అన్నారు. నేను పక్కనే ఉండి నవ్వాను. ఆ షీల్డు తర్వాత మా దగ్గరే, నగల కింద పరిచే గుడ్డ జారకుండా బరువుకి పనికొచ్చింది.

అంతటితో ఊరుకోలేదు మేము. గోడ మీది ఫొటో చూసి మా ఆయన "దీన్ని దిద్దు చేస్తే?" అన్నారు. అచ్చు తీయించాం. మడిచిన రెక్కలు, చారలు, అంచు వెంట సన్న తెల్లరాళ్ళు. రెక్కల దిద్దులని పేరు పెట్టాం. మా దగ్గర ఏ రకమూ అలా అమ్ముడుపోలేదు. ఆ దిద్దుల ఫొటో తియ్యడానికీ ఆయన్నే పిలిచాం, ఇంకెవర్ని పిలుస్తాం? తెల్ల చొక్కా వేసుకొచ్చి తీసిపెట్టారు. వాటిని మాత్రం ఇటు తిరగమ్మా అని అడగలేదు. ఆ రోజు టీ కూడా వద్దన్నారు.

తర్వాత ఆయనకి ఒకటే ధ్యాస. అదే జాతిది, బతికున్నది, ఒక్కటి దొరకాలి. మా ఆడపడుచు మనవరాలికి మోపిదేవిలో చెవులు కుట్టిస్తుంటే వెళ్ళి, గుడి బయట టీ కొట్టు దగ్గర ఆయన్ని చూశాను. బురదరంగు చొక్కా, తడిసిన మోచేతులు, జుట్టులో గడ్డి.

"మళ్ళీ దాని కోసమేనా?"

"దాని కోసమే. బతికున్నది తీసుకొస్తే మీ గోడ మీద అది తీసేసి ఇది పెడతారా చెల్లెమ్మా?"

"ఓ, దానికేం భాగ్యం, తప్పకుండా" అన్నాను.

అప్పుడే బస్సు దిగిన ఆడవాళ్ళు గుంపుగా మా ముందు నుంచి గుళ్ళోకి వెళ్తున్నారు. ఒకమ్మాయి చెవులకి మా రెక్కల దిద్దులు. వెనకే ఇంకొకావిడకీ అవే. నాకు గర్వమాగక ఆయన్ని మోచేత్తో పొడిచి చూపించాను. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేశారు.

"నేను చంపింది ఒక్కదాన్నేనమ్మా" అన్నారు. "చూడండి, ఎంతమంది చెవులకి వేలాడుతోందో."

"మీకు పిచ్చి పట్టింది" అన్నాను. ఆయన ఒప్పుకున్నట్టే తల ఊపారు. గుళ్ళో పిల్ల చెవి కుట్టినప్పుడు కెవ్వుమంటే అందరం నవ్వాం. నేనూ నవ్వాను గానీ, ఆ పూటంతా ఎవరి చెవులకేసీ చూడబుద్ధి కాలేదు.

మొన్న చలికాలం చివర ఒక సోమవారం పొద్దున్నే వచ్చారు. ఇంటికి కూడా వెళ్ళినట్టు లేదు, బురదరంగు చొక్కా కూడా మార్చుకోలేదు. కొట్టులో బేరం మీద నలుగురు ఆడవాళ్ళున్నారు. వాళ్ళ మధ్యలోంచి చెయ్యి చాపి ఫోన్ నా ముఖం ముందు పెట్టారు.

"దొరికింది చెల్లెమ్మా. లంకలో. బతికుంది."

గాలికి పరక ఊగుతోందట, సరిగ్గా నొక్కే వేళకి అది రెక్క విదిల్చిందట. ఒక రెక్క ఉత్త పొగలా ఉంది. మీసాలు రెండు రెండుగా పడ్డాయి. బంగారు చారలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో తెలియదు. "కన్ను చూడండి, కన్ను మాత్రం పడింది" అని ఆయన వేలితో పెద్దది చేసి చూపిస్తున్నారు. నేను కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఏంటన్నయ్యగారూ, అలికేసినట్టుంది. పాతదే బాగుంది" అన్నాను. అని, గాజుల బేరంలో పడిపోయాను.

"కదిలింది కదండీ" అన్నారాయన మెల్లగా. "తప్పైపోయింది, బేరంలో అడ్డొచ్చాను" అని వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం ఆ ఫొటో నా ఫోన్‌కి వచ్చింది. కింద ఏమీ రాయలేదు. ఆ తర్వాత ఎప్పటిలాగే వచ్చారు, నగలు తీశారు, సగం సగం టీ తాగారు. గోడ మీది ఫొటో కేసి చూసేవారు కాదు, మార్చమని మళ్ళీ అడగనూ లేదు. మార్చడానికి నాకు ఒక మేకు, ఒక ప్రింటు చాలు. ఇవాళ, రేపు అనుకున్నాను. మామూలు జ్వరమని ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు కూడా, తిరిగొచ్చాక మార్చి ఆశ్చర్యపరుద్దాం అనుకున్నాను.

వాళ్ళావిడ ఫోన్ చేసిన మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పేయాలనే వెళ్ళాను. దారిపొడుగునా ఆటోలో మాటలు కూర్చుకున్నాను. వదినా, ఆ ఫొటో ఆయనకి ఇష్టం లేదు, అది చచ్చిపోయింది, అందులో నా పాపం కూడా ఉంది, ఇదిగో ఆయన ఇష్టపడి తీసింది ఇది. ఫోన్లో అదే తెరిచి పట్టుకుని గుమ్మం ఎక్కాను.

ఆవిడ మంచం మీద కూర్చుని శాలువా మడతపెడుతోంది. గుడివాడలో కప్పిందే. నన్ను చూడగానే పక్కన చోటిచ్చింది.

"మీరొచ్చారుగా ఆ రోజు, చూశారుగా వదినా" అంది. "స్టేజీ ఎక్కించి మైకిస్తే ఏం చేశారు? అంతమందిలో నా వంక చూసి దండం పెట్టారు. పెళ్ళానికి దండం పెట్టిన మొగుణ్ణి ఎక్కడన్నా చూశారా మీరు? ఇంట్లో ఎప్పుడూ ఒక ముచ్చటైన మాట అనని మనిషి. ఇంటికొచ్చి ఎందుకు పెట్టారండీ అంటే చెప్పలేదు, తల దించుకున్నారు. సిగ్గు. ఆ పురుగు ఫొటో చూసినప్పుడల్లా నాకు ఆ దండమే గుర్తొస్తుంది. అది చాలు నాకు."

నేను ఫోన్ ఒళ్ళో బోర్లా పెట్టుకున్నాను. ఎలా చెప్పను? చెప్తే ఆవిడకి ఆ దండం కూడా మిగలదు. చెప్పకపోతే ఆయనకి ఏమీ మిగలదు. ఇద్దరిలో ఎదురుగా కూర్చున్నది ఆవిడ.

"ఫొటో దొరికిందా వదినా?" అని అడిగింది.

"దొరికింది" అన్నాను. నా వేలు ఆ పొగరెక్కని పక్కకి తోసేసి పాతదాన్ని వెతికింది. అక్కడే కూర్చుని ఆవిడ ఫోన్‌కి పంపాను. ఆవిడ తెరిచి చూసుకుని కళ్ళు తుడుచుకుంది. నాకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది.

పెద్దకర్మ రోజు సందు మొదట్లో రెండు కర్రలకి ఫ్లెక్సు కట్టారు. ఒక పక్క ఆయన, తెల్ల చొక్కాలో, రెండు కళ్ళూ తెరుచుకుని. రెండో పక్క అది, మనిషంత. సముద్రం గాలికి ఫ్లెక్సు ఉండుండి ఉబ్బుతోంది, ఉబ్బినప్పుడల్లా రెక్కలు లేచినట్టవుతోంది. భోజనం చేసి వచ్చిన ఒక పెద్దాయన, వాళ్ళ బంధువే అయ్యుంటారు, చెయ్యి తుడుచుకుంటూ నా పక్కన ఆగి చాలాసేపు చూశారు.

"ఏం తీశాడమ్మా" అన్నారు. "ప్రాణం ఉన్నట్టే లేదూ?"

"అవునండీ" అన్నాను.